పరిశోధన సామగ్రి భద్రత: అధిక సామర్థ్య హార్డ్ డిస్కుల ఎంపిక – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

తెలుగు పరిశోధకుల వద్ద నేడు స్కాన్ చేసిన గ్రంథాలు, పాత పత్రికల ఛాయాచిత్రాలు, క్షేత్ర పర్యటనలలో సేకరించిన ధ్వని, దృశ్య ముద్రికలు టెరాబైట్ల కొద్దీ పోగుపడుతున్నాయి. వాటిలో అనేకం మళ్లీ సేకరించడానికి వీలులేనివి. పత్రిక పొడి అయిపోయి ఉండవచ్చు, పాట పాడిన వక్త గతించి ఉండవచ్చు. అటువంటి సామగ్రికి ఆధారమైన హార్డ్ డిస్కును ఏ ప్రమాణాలతో ఎంచుకోవాలన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. గూగుల్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, బ్యాక్‌బ్లేజ్ సంస్థ వెలువరించిన వైఫల్య గణాంకాల ఆధారంగా, 'మంచి కంపెనీ' అన్వేషణకు ఉన్న పరిమితిని ఈ వ్యాసం చూపుతుంది. డిస్కు ఎంపికను దాని పరీక్ష నుండి, ప్రతుల అమరిక నుండి విడదీసి చూడరాదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: హార్డ్ డిస్క్, డిజిటలీకరణ, వార్షిక వైఫల్య శాతం, ప్రతి, చెక్‌సమ్, బోయిగూడ, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా.

1. ఉపోద్ఘాతం

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు చేరువలో ఉన్న బోయిగూడ కలప అడితీలకు, పాత సామాను గోదాములకు పేరుపడిన పేట. దీనికి ఒకవైపు పార్క్‌లేన్‌లో, జంటనగరాల వారికి కంప్యూటర్ సామగ్రి అనగానే గుర్తుకువచ్చే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. మరొకవైపు బాగ్‌లింగంపల్లిలో, పరిశోధకులు తరచుగా ఆశ్రయించే సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. గ్రంథాలయంలో పాత సంచికల పుటలను కెమెరాతో తీసుకొని, వాటిని దాచుకోవడానికి పార్క్‌లేన్‌లో ఒక డిస్కు కొనుక్కోవడం ఇక్కడి పరిశోధక విద్యార్థులకు మామూలు విషయం. దుకాణంలో వారు అడిగే ప్రశ్న కూడా దాదాపు ఒక్కటే: "ఏ కంపెనీది మంచిది?"

ప్రశ్న సహజమైనదే. నేడు హార్డ్ డిస్కులు తయారుచేసే సంస్థలు ప్రపంచం మొత్తంలో మూడే మిగిలాయి: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. మూడింటిలో ఒకటి ఎంచుకోవడం సులభమనిపిస్తుంది. కాని ఈ ప్రశ్నకు దొరికే జవాబు ఎంత సరైనదైనా, పరిశోధకుని సామగ్రికి అది ఇచ్చే రక్షణ స్వల్పం. ఎందుకు స్వల్పమో, మిగిలిన రక్షణ ఎక్కడి నుండి రావాలో అంకెలతో చూడవలసి ఉంది.

2. ఎంత స్థలం అవసరం?

6×9 అంగుళాల పుటను అంగుళానికి 400 చుక్కల స్పష్టతతో, రంగులలో, కుదింపు లేకుండా భద్రపరిస్తే సుమారు 26 మెగాబైట్లు అవుతుంది. ఆ లెక్కన 200 పుటల గ్రంథం 5 గిగాబైట్లు, వేయి గ్రంథాలు 5 టెరాబైట్లు దాటుతాయి. అవే గ్రంథాలను ఒక్కొక్కటి 20 మెగాబైట్ల పీడీఎఫ్‌గా కుదిస్తే మొత్తం 20 గిగాబైట్లే. ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టిపోతాయి. ఈ వ్యత్యాసం చూసి మూల చిత్రాలను తొలగించి, పీడీఎఫ్‌లను మాత్రమే ఉంచుకునే అలవాటు విశ్వవిద్యాలయ శాఖలలో కనిపిస్తుంది. ఇది ప్రమాదకరం. పాత ముద్రణలోని అరసున్నలు, వలపలగిలకలు, అరిగిన అచ్చుల సన్నని గీతలు తీవ్రమైన కుదింపులో మొదట మాయమయ్యేవి. పాఠనిర్ణయం చేసేవారికి కావలసినవి సరిగ్గా అవే. తెలుగు అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేర్ మెరుగుపడిన కొద్దీ, దానికి మళ్లీ అందించవలసింది కూడా మూల చిత్రాన్నే.

అందువల్ల ఒక వ్యక్తిగత పరిశోధన ప్రాజెక్టుకైనా 4 నుండి 8 టెరాబైట్లు అతిశయోక్తి కాదు. 4 టెరాబైట్ల డిస్కును కంప్యూటర్ 3.63గా చూపినప్పుడు మోసపోయామనుకోనక్కరలేదు. తయారీదారు దశాంశ పద్ధతిలోను, విండోస్ ద్వియాంశ పద్ధతిలోను లెక్కించడమే అందుకు కారణం.

3. వివరపత్రంలోని పది లక్షల గంటలు

డిస్కుల సాంకేతిక వివరపత్రాలలో 'సగటున 10 లక్షల గంటలకు ఒక వైఫల్యం' అనే తరహా వాక్యం ఉంటుంది. 10 లక్షల గంటలంటే 114 సంవత్సరాలు. ఏ డిస్కూ అంతకాలం పనిచేయదు. తయారీదారు చెబుతున్నదీ అది కాదు. ఏడాదికి 8,760 గంటలు గనుక, వేయి డిస్కులను ఏడాది పొడవునా నడిపితే వాటిలో సుమారు 9 చెడిపోతాయని, అంటే వార్షిక వైఫల్యం 0.88 శాతమని మాత్రమే దాని అర్థం. ఇది సమూహానికి చెందిన అంకె. జనాభా సగటు ఆయుర్దాయాన్ని చూసి ఒక మనిషి ఎన్నాళ్లు బ్రతుకుతాడో చెప్పలేనట్లే, ఈ అంకె నుండి మన చేతిలోని ఒక్క డిస్కు గురించి ఏమీ చెప్పలేము.

వాస్తవంలో ఆ సమూహపు అంకె కూడా నిలబడలేదు. 2007లో జరిగిన ఒక నిల్వ సాంకేతికతల సదస్సులో రెండు పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ దాదాపు లక్ష డిస్కుల రికార్డులను పరిశీలించారు. వివరపత్రాల ప్రకారం 0.88 శాతం మించకూడని వార్షిక మార్పిడి రేటు సాధారణంగా 1 శాతం దాటిందని, 2 నుండి 4 శాతం తరచుగా కనిపించిందని, కొన్ని వ్యవస్థలలో 13 శాతం వరకు వెళ్లిందని వారు తేల్చారు. ఖరీదైన సంస్థాగత తరగతి డిస్కులకు, చౌకైన సాటా డిస్కులకు మధ్య మార్పిడి రేటులో చెప్పుకోదగిన తేడా వారికి కనబడలేదు. కొనుగోలు కమిటీలలో కూర్చునే అధ్యాపకులు ఈ ఒక్క ఫలితాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

రెండవ పత్రం గూగుల్ సంస్థది. అదీ లక్షకు పైగా డిస్కుల మీద జరిగిన అధ్యయనమే. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదుచేసుకునే 'స్మార్ట్' వ్యవస్థను వారు ప్రధానంగా పరీక్షించారు. ఉపరితల తనిఖీలో మొదటి దోషం కనబడిన డిస్కు, ఆ దోషం లేని డిస్కుతో పోల్చితే తదుపరి 60 రోజులలో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. కనుక హెచ్చరిక వస్తే వెంటనే నమ్మవలసిందే. అయితే చెడిపోయిన డిస్కులలో 56 శాతానికి పైగా, ప్రధానమైన నాలుగు సూచికలలో ఏ ఒక్క హెచ్చరికా లేకుండానే చెడిపోయాయి. హెచ్చరిక లేకపోవడం భరోసా కాదు. వేడికి, వైఫల్యానికి మధ్య అందరూ ఊహించినంత సంబంధం మామూలు ఉష్ణోగ్రతల పరిధిలో కనబడకపోవడం ఈ పత్రంలోని మరొక విశేషం. హైదరాబాదు వేసవిని తలచుకొని డిస్కు కోసం ఏసీ గది వెతికేవారు, అంతకంటే ముందు కుదుపుల మీద, కరెంటు కోతల మీద దృష్టి పెట్టడం సమంజసం.

4. కంపెనీ కాదు, నమూనా

క్లౌడ్ నిల్వ సంస్థ బ్యాక్‌బ్లేజ్ 2013 నుండి తన డిస్కుల వైఫల్య వివరాలను సేకరించి బహిరంగంగా ప్రకటిస్తోంది. నేడు ఆ సమూహంలో మూడు లక్షలకు పైగా డిస్కులున్నాయి. మొత్తం మీద వార్షిక వైఫల్యం 2022లో 1.37, 2023లో 1.70, 2024లో 1.57 శాతంగా నమోదైంది. దుకాణదారు అనుభవం కంటే, మిత్రుల సలహా కంటే ఇది ఎంతో నమ్మదగిన ఆధారం.

ఈ గణాంకాలను జాగ్రత్తగా చదివితే కంపెనీ పేరు నమ్మకమైన ప్రమాణం కాదని తెలుస్తుంది. సీగేట్ వారి ఎస్‌టీ3000డీఎం001 అనే 3 టెరాబైట్ల నమూనా 2014లో బ్యాక్‌బ్లేజ్ వద్ద 40 శాతానికి మించి చెడిపోయింది. అదే సీగేట్ వారి 4 టెరాబైట్ల నమూనా అదే సంవత్సరంలో 3 శాతం లోపే ఉంది. మరొక ఉదాహరణ ఇంకా ఆసక్తికరమైనది. 2000 ప్రాంతంలో ఐబీఎం వారి డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ డిస్కులు ఎంతగా చెడిపోయాయంటే, వాడుకరులు వాటికి 'డెత్‌స్టార్' అని పేరుపెట్టారు. వ్యవహారం న్యాయస్థానానికి చేరింది. ఆ డిస్కు వ్యాపారాన్ని 2003 నాటికి హిటాచీ కొనుగోలు చేసింది. దాని వారసత్వంగా వచ్చిన హెచ్‌జీఎస్‌టీ డిస్కులే తరువాతి కాలంలో బ్యాక్‌బ్లేజ్ పట్టికలలో అతి తక్కువ వైఫల్యం గలవిగా నిలిచాయి. ఆ సంస్థ 2012లో వెస్టర్న్ డిజిటల్‌లో కలిసిపోయింది. ఇన్ని చేతులు మారిన వంశంలో 'ఏ కంపెనీది మంచిది' అన్న ప్రశ్నకు ఏ సంవత్సరపు జవాబు ఆ సంవత్సరానిదే.

చూడవలసింది నమూనా సంఖ్యను. ఇక్కడా ఒక చిక్కుంది: ఒక నమూనా మీద మూడు నాలుగేళ్ల గణాంకాలు వచ్చేసరికి అది బజారులో దొరకదు. కాబట్టి గణాంకాలు చెడ్డ నమూనాను తప్పించుకోవడానికి ఉపకరిస్తాయి గాని, మంచి నమూనాను హామీతో చేతిలో పెట్టలేవు.

స్వానుభవాన్ని ప్రమాణంగా తీసుకునేవారు ఒక లెక్క గమనించాలి. ఒక కళాశాలలో ఒకే రకం డిస్కులు 20 ఉన్నాయని, మూడేళ్లలో ఒక్కటీ చెడిపోలేదని అనుకుందాం. అంటే 60 డిస్కు-సంవత్సరాల అనుభవం. సున్నా వైఫల్యాలున్నప్పుడు 95 శాతం విశ్వాస స్థాయిలో గరిష్ఠ రేటు సుమారు 3/60, అంటే ఏడాదికి 5 శాతం. అంటే, ఆ కళాశాల అనుభవం 1 శాతం చెడిపోయే డిస్కుకూ 4 శాతం చెడిపోయే డిస్కుకూ పొసగుతుంది. ఇక రెండు డిస్కులు వాడిన వ్యక్తి అనుభవం గురించి చెప్పనక్కరలేదు.

5. కొనుగోలులో గమనించవలసినవి

నమూనాల మధ్య తేడాలలో పరిశోధకునికి నిజంగా సంబంధించినది రాత విధానం. సాధారణ పద్ధతిలో డిస్కు పళ్లెం మీది జాడలు పక్కపక్కన విడివిడిగా ఉంటాయి. 'షింగిల్డ్' పద్ధతిలో పెంకుటింటి కప్పు మీది పెంకులలాగా ఒక జాడ అంచు మీద మరొకటి ఒరిగి ఉంటుంది. ఎక్కువ సమాచారం పడుతుంది, ధర తగ్గుతుంది. కాని మధ్యలోని ఒక పెంకు మార్చాలంటే పైవాటిని కదల్చవలసినట్లే, పాత సమాచారాన్ని సవరించాలంటే పక్కనున్న జాడలను కూడా తిరిగి రాయాలి. ఒక్కసారి నింపి అలమారలో దాచే ప్రతికి ఈ డిస్కు పనికివస్తుంది. అనేక డిస్కులను కలిపి నడిపే నిల్వ పెట్టెలో మాత్రం, ఒకటి చెడిపోయి కొత్తదానిని నింపవలసి వచ్చినప్పుడు పని విపరీతంగా నెమ్మదిస్తుంది; మొత్తం అమరికే విఫలం కావచ్చు. నిల్వ పెట్టెల కోసమే అమ్ముతున్న వెస్టర్న్ డిజిటల్ రెడ్ తరగతిలోని కొన్ని డిస్కులు ఈ పద్ధతివని 2020 ఏప్రిల్‌లో బయటపడింది. అంతవరకు ఆ సంగతి వివరపత్రంలో లేదు. విమర్శల తరువాత సంస్థ ఏ నమూనాది ఏ పద్ధతో ప్రకటించింది.

ప్రభుత్వ కళాశాలలు జెమ్ పోర్టల్ ద్వారా కొనేటప్పుడు అవసరాన్ని '4 టెరాబైట్ల హార్డ్ డిస్క్' అని మాత్రమే రాస్తే, అతి తక్కువ ధర చెప్పినవారికే ఆర్డరు పోతుంది. వచ్చేది షింగిల్డ్ డిస్కే కావచ్చు. నిల్వ పెట్టె కోసమైతే రాత విధానం, ఏడాదికి ఎన్ని టెరాబైట్ల పనిభారానికి ఉద్దేశించినది, ఎన్నేళ్ల వారంటీ అన్న మూడూ పత్రంలోనే ఉండాలి. నిల్వ పెట్టెల తరగతి డిస్కులకు సాధారణంగా 180 టెరాబైట్లు, సంస్థాగత తరగతికి 550 టెరాబైట్ల వార్షిక పనిభారం పేర్కొంటారు. నిఘా కెమెరాల డిస్కులు చవకగా దొరికినా, అవి ఎడతెగని వీడియో రాతకు అనుకూలించినవి. గ్రంథాల నిల్వకు వాటివల్ల ప్రత్యేక ప్రయోజనం లేదు. వారంటీ విషయంలో ఒక అపోహ తొలగాలి: సంస్థ తిరిగి ఇచ్చేది ఖాళీ డిస్కును, సమాచారాన్ని కాదు. పైగా క్షేత్ర పర్యటనలో వక్తలు నమ్మకంతో చెప్పిన మాటలున్న డిస్కును మరమ్మతుకు పంపడం వారి గోప్యతకు సంబంధించిన విషయం. అటువంటి డిస్కును మొదటి రోజే సంకేతపదంతో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచితే ఆ సందిగ్ధం రాదు.

వాడిన డిస్కును కొత్తదిగా అమ్మడం ఎక్కడైనా జరగవచ్చు. 2025 జనవరిలో జర్మనీలో, సర్వర్లలో వేల గంటలు పనిచేసిన సీగేట్ ఎక్సోస్ డిస్కులను గంటల లెక్క సున్నాకు మార్చి కొత్తవిగా అమ్మిన ఉదంతం వెలుగుచూసింది. స్మార్ట్ పట్టికను తుడిచినవారు, తయారీదారు లోపల ఉంచే మరొక నమోదును తుడవలేదు. అందువల్లనే విషయం బయటపడింది. కొన్న రోజునే క్రమసంఖ్యను తయారీదారు వెబ్‌సైట్‌లో నమోదుచేసి, వారంటీ గడువు కొనుగోలు తేదీతో పొసగుతున్నదా అని చూడటం ఐదు నిమిషాల పని.

తరువాతి పరీక్షకు కొంత ఓపిక కావాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్మార్ట్ పట్టిక తెరిచి 5, 187, 188, 197, 198 సంఖ్యల అంశాలను చూడాలి. కొత్త డిస్కులో ఈ అయిదూ సున్నాగా ఉండాలి. డిస్కు వాటిని నమోదు చేయకపోతే వేరు సంగతి. బ్యాక్‌బ్లేజ్ పరిశీలనలో చెడిపోయిన డిస్కులలో 76.7 శాతానికి వీటిలో ఒకటైనా సున్నా దాటింది. పనిచేస్తున్న డిస్కులలో 4.2 శాతానికే దాటింది. ఆపైన డిస్కు మొత్తాన్ని ఒకసారి నింపి, తిరిగి చదివించాలి. 8 టెరాబైట్లు నింపడానికి సుమారు పన్నెండు గంటలు, చదవడానికి మరో పన్నెండు గంటలు పడుతుంది. దోషమున్న డిస్కు ఈ దశలోనే బయటపడితే దుకాణం దానిని మార్చి ఇస్తుంది. రెండేళ్ల తరువాత బయటపడితే పోయేది సామగ్రి.

6. ప్రతుల లెక్క

వ్యాసంలోని ప్రధాన వాదం ఈ లెక్కపై ఆధారపడి ఉంది. ఏడాదికి 1.5 శాతం చెడిపోయే డిస్కు మీద ఒకే ప్రతి ఉంచితే, ఐదేళ్లలో దానిని కోల్పోయే అవకాశం 7.3 శాతం, సుమారు 14లో ఒకటి. ఎంతో శ్రమించి, దానికంటే రెండింతలు మెరుగైన నమూనాను సంపాదించామనుకుందాం. అప్పుడు అది 27లో ఒకటి అవుతుంది. శ్రేష్ఠమైన ఎంపిక ఇవ్వగలిగినది ఇంతే.

ఇప్పుడు మామూలు డిస్కులే రెండు కొని, రెండింటిలోను అదే సామగ్రి ఉంచి ఐదేళ్లు తెరవకుండా వదిలేస్తే, రెండూ పోయే అవకాశం సుమారు 190లో ఒకటి. వాటినే నెలకొకసారి తెరిచి చూసి, ఒకటి చెడిపోయిన వెంటనే మరొకటి కొని నింపితే సుమారు 10,500లో ఒకటి. డిస్కులు అవే, ధర అదే. మారినది తనిఖీ మాత్రమే. నమూనా ఎంపిక ప్రమాదాన్ని సగానికి తగ్గిస్తే, తనిఖీతో కూడిన రెండవ ప్రతి దానిని వందల రెట్లు తగ్గిస్తుంది.

ఈ లెక్కకు ఒక షరతు ఉంది: రెండు డిస్కుల వైఫల్యాలు పరస్పర స్వతంత్రంగా ఉండాలి. ఒకే రోజున ఒకే దుకాణంలో వరుస క్రమసంఖ్యలతో కొన్న డిస్కులలో ఒకే తయారీ లోపం ఉండవచ్చు. రెండింటిని రెండు కంపెనీలవిగా తీసుకోవడం అందుకు విరుగుడు. ఒకే పెట్టెలో ఉన్నవి ఒకే కరెంటు పోటుకు గురవుతాయి. నిల్వ పెట్టెలో అద్దం పట్టినట్లు నడిచే జంట డిస్కులు రెండు ప్రతులు కానేకావు, ఎందుకంటే పొరపాటున ఒక ఫోల్డరు తొలగిస్తే అది రెండింటిలోను అదే క్షణంలో పోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది స్థలం. 2000 ఆగస్టులో హైదరాబాదులో కురిసిన భారీ వర్షాలకు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి వరదనీరు చేరి, అబ్దుస్ సమద్ ఖాన్ జీవితకాలం కూర్చిన అపురూపమైన ఉర్దూ గ్రంథ సంచయం తడిసి దెబ్బతిన్నది. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలోని ఒక పాత సామాను గోదాములో రేగిన మంటలలో బీహార్‌కు చెందిన 11 మంది కార్మికులు మరణించారు. ఆ విషాదం ఎదుట డిస్కుల మాట ఎత్తడానికి కూడా సంకోచం కలుగుతుంది. అయినా ఒక సంగతి విస్మరించలేము: డిస్కులు కొనే బజారు, గ్రంథాలు తడిసిన కేంద్రం, మంటలు రేగిన గోదాము అన్నీ కొద్ది కిలోమీటర్ల పరిధిలోనివే. నీటికి, నిప్పుకు డిస్కు నమూనాతో పనిలేదు. రెండు ప్రతులు రెండు ఊళ్లలో ఉండాలి. నగరంలో చదువుతూ సెలవులకు సొంత ఊరు వెళ్లే పరిశోధకునికి ఇది ఏ ఖర్చూ లేని ఏర్పాటు.

7. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఉదాహరణ

స్థలం వలెనే యాజమాన్యం కూడా వేరుగా ఉండాలనడానికి తెలుగు పుస్తకాల చరిత్రలోనే నిదర్శనం ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుండి పది లక్షల పుస్తకాల డిజిటలీకరణ ప్రాజెక్టుకు నాయకత్వం వహించారు. 2007 నవంబరు నాటికి స్కాన్ చేసిన పుస్తకాలు 15 లక్షలకు చేరాయని ఆ ప్రాజెక్టు ప్రకటించింది. భారతదేశంలో ఇది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా రూపొందింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఇందులో ముఖ్య కేంద్రాలు. ఒక తరం తెలుగు పరిశోధకులు దీని మీదనే ఆధారపడ్డారు. 2016-17 ప్రాంతంలో కాపీరైట్ అభ్యంతరాల నేపథ్యంలో ఆ వెబ్‌సైట్ అందుబాటులో లేకుండా పోయింది. అక్కడ ఏ డిస్కూ చెడిపోలేదు. అయినా పాఠకునికి పుస్తకం అందలేదు. ఈనాడు వాటిని చదవగలుగుతున్నామంటే, కార్ల్ మాలముద్ నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ ఆ సంచయంలో పెద్ద భాగాన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చి ఉండటమే కారణం. తెలుగు వికీసోర్స్‌లో పాఠ్యీకరణ జరుగుతున్న అనేక గ్రంథాల మూలాలు అవే స్కాన్లు.

క్లౌడ్‌ను మాత్రమే నమ్ముకునేవారికి మరొక ఉదంతం. విద్యాసంస్థలకు పరిమితి లేని ఉచిత నిల్వ ఇస్తూ వచ్చిన గూగుల్, 2022 జూలై నుండి సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లే మూల పరిమితి అని 2021లో ప్రకటించింది. వేలాది ఖాతాలున్న విశ్వవిద్యాలయంలో ఒక్కొక్కరి వాటా గిగాబైట్లకు పడిపోతుంది. క్లౌడ్ మూడవ ప్రతికి యోగ్యం. ఏకైక ప్రతికి కాదు. ఎస్‌ఎస్‌డీ విషయంలోనూ ఒక మాట అవసరం. అది వేగవంతమైనదే గాని, విద్యుత్తు లేకుండా ఏళ్ల తరబడి అలమారలో ఉంచడానికి ఉద్దేశించినది కాదు. వ్యక్తిగత వినియోగపు ఎస్‌ఎస్‌డీ తన రాత పరిమితి పూర్తయ్యాక 30 డిగ్రీల వద్ద ఒక సంవత్సరం సమాచారాన్ని నిలుపుకోవాలన్నదే దాని పరిశ్రమ ప్రమాణం.

8. తనిఖీ, అప్పగింత

నెలవారీ తనిఖీ అంటే డిస్కు తగిలించి ఫోల్డర్లు కనిపిస్తున్నాయో లేదో చూడటం కాదు. ఫోల్డరు పేరు కనిపించినా లోపలి చిత్రం పాడై ఉండవచ్చు. సామగ్రిని మొదట చేర్చినప్పుడే ప్రతి ఫైలుకు చెక్‌సమ్, అంటే ఆ ఫైలులోని ప్రతి బిట్టు మీద ఆధారపడిన ఒక సంఖ్య, లెక్కించి జాబితాగా దాచాలి. తనిఖీలో ఆ సంఖ్యలను తిరిగి లెక్కించి పోల్చాలి. టెరాబైట్ల సామగ్రికి నెలనెలా ఇది కష్టమైతే, నెలకొకసారి స్మార్ట్ పట్టికను, కొన్ని ఫైళ్లను చూసి, మొత్తం పోలికను ఆరు నెలలకొకసారి రాత్రివేళ నడిపించవచ్చు. తేడా వచ్చిన ఫైలును రెండవ ప్రతి నుండి తెచ్చుకోవచ్చు. తేడా తెలియకపోతే పాడైన ఫైలే రెండవ ప్రతిలోకి కూడా చేరుతుంది. ఐదేళ్లు నిండిన డిస్కు బాగా పనిచేస్తున్నా దానిని రెండవ స్థానానికి దించి, కొత్తదానిని మొదటి ప్రతికి వాడటం ఉచితం. ఈ ఖర్చును ప్రాజెక్టు ప్రతిపాదనలో మొదటి ఏడాదికే కాక ఐదవ ఏడాదికి కూడా చూపాలి.

మౌఖిక పరీక్ష ముగిసి పట్టా చేతికి వచ్చాక సిద్ధాంతగ్రంథం శోధగంగలో చేరుతుంది. దాని వెనుక ఉన్న స్కాన్లు, ముద్రికలు మాత్రం పరిశోధకుని సొంత డిస్కులోనే మిగులుతాయి. ఉద్యోగం, ఊరు మారాక ఆ డిస్కును తెరిచేవారు ఉండరు. శాఖ కార్యాలయంలో ఇందుకు ఒక రిజిస్టరు చాలు: డిస్కు నమూనా, క్రమసంఖ్య, కొన్న తేదీ, లోపలి సామగ్రి వివరం, రెండవ ప్రతి ఉన్న చోటు, చివరి తనిఖీ తేదీ, తనిఖీ చేసినవారి సంతకం. సిద్ధాంతగ్రంథం సమర్పించే రోజున గ్రంథాలయం నుండి బకాయిలు లేవన్న పత్రం అడిగినట్లే, ఈ రిజిస్టరులో నమోదు జరిగినదా అని కూడా పర్యవేక్షకులు అడగవచ్చు.